చావులకి మార్కులు

పాట పాడే దయ్యమంటే నాకు మొదటినుంచీ జాలే తప్ప భయం లేదు. తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, కొవ్వొత్తి పట్టుకుని మూడు చరణాలూ పూర్తయ్యేదాకా ఎవరినీ ఏమీ చెయ్యని మనిషిని బతికున్నవాళ్ళకంటే నెమ్మదస్తురాలనే చెప్పాలి. ఇప్పుడు టీవీలో వచ్చే దయ్యాల సీరియళ్ళు ఇంకా అన్యాయం. తలుపు తీస్తే ఉరుము, కాఫీ కలిపితే ఉరుము, అత్తగారు వెనక్కి తిరిగితే ఇంటిల్లిపాది మొహాలూ మూడేసిసార్లు. మా మనవరాలు దిండు వాటేసుకుని చూస్తుంటే నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మార్కులు వేస్తుంటాను. పదికి రెండు. పదికి ఒకటి. ఎవరైనా చచ్చే సన్నివేశం వస్తే మాత్రం మార్కులు వెయ్యను, లేచి వంటింట్లోకి పోతాను. ఈ మార్కుల జబ్బు నాకు అంటించినవాడు మా మేనత్త కొడుకు చిన్నారావు బావ. ఆయన పోయి రెండు నెలలవుతోంది.

కర్మకాండలన్నీ అయ్యాక ఆయన కూతురు సుగుణ పాతపట్నం నుంచి బస్సెక్కి విజయనగరంలో మా ఇంటికొచ్చింది. జీడిపప్పు పొట్లం తెచ్చింది, ఒక ప్రశ్న తెచ్చింది. "పిన్నీ, మా నాన్నకి సినిమా అంటే ఎందుకంత కోపం? మా ఇంట్లో ఇన్నేళ్ళూ టీవీ కొననివ్వలేదు. నా పెళ్ళికి వీడియో తియ్యనివ్వలేదు. హాలు ముందునుంచి ఎల్తే మొహం తిప్పేసుకునేవోడు. ఏటయ్యిందో నీకు తెలుస్తాదని అమ్మ సెప్పింది" అంది. నవ్వొచ్చింది. "కోపమా? ఒకప్పుడు పాతపట్నంలో సినిమా అంటే మీ నాన్నే" అన్నాను. అన్నం తిన్నావా, బస్సులో సీటు దొరికిందా అని మాట మార్చేశాను. ఆ రోజు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న పాతపట్నంలో బడిపంతులు. మాకు అమ్మ లేదు, నా చిన్నప్పుడే పోయింది. ఇల్లు నడిపింది మా మేనత్త. మావ పోయాక కొడుకుతో సహా తమ్ముడి ఇంటికి వచ్చేసి, నన్ను ఒళ్ళో వేసుకుని పెంచింది. పొద్దున్న లేచేసరికి తరవాణి కుండలో పులిసిన గంజి వాసన, అందులో రాత్రి మిగిలిన అన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నానికి ఉలవలు ఉడుకుతున్న వాసన. ఇవి కాక మా ఇంటికే ప్రత్యేకమైన వాసన ఇంకొకటి ఉండేది, పెరట్లో రెండో పొయ్యి మీద మైదాపిండి జిగురు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాడు మా బావ. ఆయన టూరింగు టాకీసులో పోస్టర్లు రాసి అతికించే ఉద్యోగం చేసేవాడు. విజయనగరంలో కాలేజీ చదువు తప్పి ఇంటికొచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాడికి అంతకంటే మంచి ఉద్యోగం లేదని ఆయన నమ్మకం. "తినీ పిండి గోడలకి పూస్తన్నావురా, లచ్మి ఉంటాదా ఇంట్లో" అని అత్త సణుగుతూనే, ఉండ కట్టకుండా ఆ జిగురు తనే కలిపి పెట్టేది. వారం వారం ఆయన సైకిలుకి సినిమా బోర్డు కట్టుకుని, భుజానికి కాగితాల సంచీ తగిలించుకుని కొండకింద సంతలకి వెళ్ళి, ఇప్పపువ్వు కుప్పల మధ్య, పసుపుకొమ్ముల మధ్య నిలబడి, వచ్చే సినిమా ఏమిటో, అందులో ఎవరు ఎవరిని చంపుతారో అరిచి చెప్పి వచ్చేవాడు.

ఆయన అభిప్రాయాలు ఆయనవి. పేర్లు చెప్పను. ఆ నటుల అభిమానులు ఇంకా బతికే ఉన్నారు, ఈ వయసులో నాకు గొడవలొద్దు. నటుడి సత్తా పాటలో తెలీదు, కత్తియుద్ధంలో తెలీదు, చావడంలో తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. "బతకడం ఎవడైనా నటిస్తాడే. సావడం రానోడు నటుడేటి?" అనేవాడు. ఒక పెద్ద హీరో గుండెలో బాణం దిగాక తల్లికి, చెల్లెలికి, దేశానికి విడివిడిగా చెప్పవలసినవన్నీ చెప్పి పోయాడని పదికి రెండు వేశాడు. ఎవరికీ పేరు తెలియని ఒక ముసలి నటుడు, కాపలావాడి వేషంలో, తలుపుకి ఆనుకుని నిద్రపోయినట్టు జారిపోతే పదికి పది వేసి, వరసగా నాలుగు ఆటలు చూశాడు. పెద్దగా నవ్వే విలన్లంటే ఆయనకి లెక్కలేదు. "నవ్వీవోడితో బయం నేదు. మెత్తగా మాటాడీవోడు వస్తే అప్పుడు సూసుకో" అనేవాడు. ఇవన్నీ ఒక పొడుగుపాటి నోటుబుక్కులో రాసేవాడు. ఆయన రాత పోస్టరు మీద పెద్దక్షరాలకి పనికొచ్చేది కానీ కాగితం మీద కోడి కెలికినట్టుండేది. అందుకని ఎత్తి రాసే పని నాకు పడింది. అప్పుడు నేను ఎనిమిదో క్లాసు. మా నాన్న నా చేత ఇసకలో, పలక మీద, కాగితం మీద ఏళ్ళ తరబడి దిద్దించిన రాత నాది. తలకట్లు కాస్త ఎడమకి వాలి, ళ అక్షరం తోక కింది గీతదాకా దిగేది. ఊళ్ళో శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవారు.

సినిమాలు చాలక బావకి దయ్యాల నవలల పిచ్చి ఉండేది. అద్దెకిచ్చే దుకాణంలో నవలలకి ఆఖరి పేజీలు ఉండేవి కావు, ఎవరో చింపుకుపోయేవారు. హంతకుడెవరో తెలియక వారాల తరబడి మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం. చివరికి "ఇలగ కాదు, నేనే రాస్తాను" అని మొదలుపెట్టాడు. ఒక ఊళ్ళో పెద్దమనుషుల్ని ఒక దయ్యం వరసగా చంపుకుంటూ పోవడం కథ. అయితే ఆయనకి ఒక ఇబ్బంది. మనిషి మొహం కళ్ళముందు లేకపోతే రాయడం రాదు. అందుకని మా ఊరివాళ్ళనే పెట్టుకున్నాడు. రైసుమిల్లు యజమాని ధాన్యం కుప్పలో దొరుకుతాడు. కరణంగారి మెడమీద భోషాణం మూత పడుతుంది. టూరింగు టాకీసు ఆసామి, అంటే బావకి సొంత యజమాని, ఫిలిం చుట్టుకుని పోతాడు. అచ్చుకిచ్చేటప్పుడు పేర్లు మారుస్తానన్నాడు. ముందు ఆ వరస ఒక పేజీలో రాసి పెట్టమన్నాడు నన్ను. బడిపంతులు కూతురికి జాబితా అంటే హాజరుపట్టీ ఒక్కటే తెలుసు. స్కేలు పెట్టి గడులు గీశాను. వరస సంఖ్య, ఇంటిపేరు, పేరు, ఊరు. ఆఖరి గడి పైన "ఎలా" అని రాశాను. అత్త పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, "సదువంటే ఇలగుండాలి. ఎంత సక్కగా గీసినాదో సూడరా" అని మురిసిపోయింది. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

ఆ రోజులు మంచివి కావు. కొండల్లో భూములు పోగొట్టుకున్నవాళ్ళకీ, లాక్కున్న సావుకార్లకీ మధ్య గొడవలు ముదిరాయి. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళున్నారనీ, వాళ్ళ దగ్గర సావుకార్ల పేర్లతో జాబితాలున్నాయనీ సంతనుంచి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవారు. పోలీసు లారీలు వచ్చి మా బడి ఆవరణలోనే రెండు గుడారాలు వేశాయి. టాకీసువాళ్ళు రెండో ఆట ఎత్తేశారు. దీపాలు పెట్టే వేళకే వీధి తలుపులు పడేవి. కుక్క మొరిగితే ఎందుకు మొరిగిందా అని పెద్దవాళ్ళు చేతిలో ముద్ద ఆపేసేవారు. నాకూ బావకీ మాత్రం ఇదంతా కథకి బలం అనిపించేది. అంత బుద్ధితక్కువ మనుషులం.

ఆ కాలంలోనే ఒక కొండసావుకారు సంతరోజున మా అరుగు మీద కూర్చుని నాన్న చేత అర్జీలు రాయించుకునేవాడు. పేరు రాయను. ఒకసారి రాసింది చాలు. నేను మంచినీళ్ళు తెస్తే సగం తాగి, మిగిలిన నీళ్ళు నా కాళ్ళ ముందే పారబోసేవాడు. ఒకనాడు నా ఎదురుగానే, "మాష్టారా, ఆడగుంటకి సదువెందుకండీ? పరీచ్చలవగానే మానిపించీయండి. మా అల్లుడి తమ్ముడున్నాడు, భూమున్నాది" అన్నాడు. నాన్న కాదంటాడని చూశాను. నాన్న కలం మూత పెట్టి, "అదే ఆలోచిస్తన్నానండి" అన్నాడు. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. బావ బయటికెళ్ళగానే ఆయన నోటుబుక్కు తీసి, మూడు పేర్ల కింద నాలుగో వరస గీసి, ఆ సావుకారి ఇంటిపేరు, పేరు, ఊరు నింపాను. "ఎలా" గడిలో ఎంతో ఆలోచించి, "తన గుమ్మంలోనే" అని రాశాను. రాశాక మనసు చల్లబడింది. బావ మర్నాడు చూసి, "ఈడెవడే కొత్తగా వచ్చినాడు? నేను మూడే సెప్పేను కదా" అని నవ్వి, "పోన్లే, సావనీ" అన్నాడు.

మూడు వారాలకి ఆ సావుకారిని చంపేశారు. కొండమీద ఊళ్ళో, పట్టపగలు, ఇంటి గుమ్మంలో. బడిలో ఆ కబురు విన్నప్పుడు నాకు మొదట కలిగింది భయం కాదు. పరీక్షలయ్యాక చదువు మానక్కరలేదని సంతోషం కలిగింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత నోటుబుక్కులో నేను రాసిన పేజీ గుర్తొచ్చింది. ఇంటికి పరిగెత్తి బావకి చెప్పాను. ఆయనకి అప్పటికే తెలుసు. మొహంలో నెత్తురు లేదు. "ఆ పేజీ చింపీ బావా" అన్నాను. చింపబోయి ఆగాడు. ఆ కాగితం వెనకవైపే ఆయన నవల మొదలైంది, మొదటి అధ్యాయం సగం అందులో ఉంది. "అది పోతే మళ్ళీ రాయలేనే. ఆదివారం కూకుని వేరేదాన్లోకి ఎక్కించీ, అప్పుడు కాల్చీద్దాం. అందాకా ఇంట్లో వద్దు, నా సంచీలోనే ఉంటాది" అన్నాడు. తను రాసింది పోతుందంటే రాసేవాడికి ప్రాణం మీదికి వచ్చినా అర్థం కాదు. నేనూ రాసేదాన్నే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను.

ఆదివారం రాలేదు. గురువారం సంతదారిలో పోలీసులు సంచీలు వెతుకుతున్నారు. మధ్యాహ్నం మా వీధిలో జీపు ఆగింది. అత్తా నేనూ పెరట్లో గుమ్మడి వడియాలు పెడుతున్నాం. బావని ఇద్దరి మధ్య నడిపించుకుని ఒక అధికారి లోపలికొచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచాడు. ఒక్క మాటా గట్టిగా అనలేదు. అత్తని చూసి, "అమ్మా, కాస్త మజ్జిగుంటే ఇప్పించండి" అని అడిగి, కూర్చుని, నిదానంగా తాగాడు. నాన్నని బడినుంచి పిలిపించారు. అధికారి నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"మాష్టారూ, మీ మేనల్లుడు ఇది కథంటున్నాడు. కావచ్చు. ఇంటిపేర్లు, ఊళ్ళు, వరస నంబర్లు. ఇందులో ఒకడు ఎలా రాసుందో అలాగే పోయాడు. ఈ చేతిరాత ఎవరిదో మీరు గుర్తుపడతారా?"

నాన్న ఆ పేజీ చూశాడు. ఆ ప్రతి అక్షరం ఆయన దిద్దించినదే. నేను అత్త వెనక, చేతికి పిండితో, నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"నా రాతేనండి" అన్నాడు బావ.

"మిగతా పేజీలు కొన్ని ఇలా లేవే?"

"అయి తొందర్లో రాసినయ్యండి. ఇది నిదానంగా రాసినాను."

అప్పుడు అత్త ఒక అడుగు ముందుకు వేసింది. ఆవిడకి చదువు రాకపోయినా ఆ గడులు తెలుసు. స్కేలు జారకుండా ఆ రోజు కాగితం కొస తనే పట్టుకుంది. "బాబూ, అది..." అంది. అని వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. కడుపున పుట్టినవాడు ఒకవైపు, చేతులమీద పెరిగినది ఒకవైపు. "అది... ఆడికి మద్దినేలంతా అన్నం నేదు బాబూ. రెండు ముద్దలు తిననివ్వండి, తీసుకెలుదురు" అంది. తిననిచ్చారు. ఆయన తిన్నాడు కూడా. జీపు వెళ్ళిపోయాక అత్త చేతులు కడుక్కుని వచ్చి మిగిలిన వడియాలు పెట్టింది. ఆ సాయంత్రం నాకు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. "తిను. తిను మరి. నీకోసవే కదా" అంది. అందులో కోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

మర్నాడే నాన్న నన్ను విజయనగరం తీసుకొచ్చి హాస్టలున్న బడిలో చేర్చాడు. పాతపట్నంలో నా రాత ఎవరి కంటా పడకూడదని. బస్సులో ఒకే ఒక్క మాట అన్నాడు, "ఉత్తరాలు రాయకు." అలా నా చదువు ఆగలేదు. ఒక మనిషి చచ్చిపోయి, ఇంకో మనిషి జైలుకి వెళ్ళి నన్ను చదివించారు. తరవాత ఇన్ని పుస్తకాలు రాశాను, శాలువలు కప్పించుకున్నాను. ఎవరైనా మీ రచనకి ప్రేరణ ఎవరని అడిగితే ఏవో పెద్ద పేర్లు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను.

బావ ఏడాది దాటాక వచ్చాడు. నేను సెలవులకి వెళ్ళేసరికి రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టే పనిలో ఉన్నాడు. కథలో తను ధాన్యం కుప్పలో చంపిన ఆసామే పిలిచి పనిచ్చాడు. "నన్ను సంపడానికి నీకు ధాన్యవే దొరికిందేట్రా" అని నవ్వాడట ఆయన. బావ నవ్వలేదట. టాకీసు వైపు వెళ్ళడం మానేశాడు. నవల ఊసే లేదు. ఒక మధ్యాహ్నం అత్త బొబ్బిలిలో బంధువులకి కార్డు రాయమంటే అరుగు మీద కూర్చుని రాస్తున్నాడు. నేను పక్కనుంచి చూశాను. తలకట్లు ఎడమకి వాలి ఉన్నాయి. ళ తోక కిందిదాకా దిగింది.

"బావా, ఇది నా రాత కదా."

తలెత్తకుండానే చెప్పాడు. "రాయమన్నారు. రాసినాను. ఇది ఆ రాత కాదన్నారు. మరెవరిదో సెప్పమన్నారు. నాదేనండి, సెయ్యి వణుకుతన్నాది, మళ్ళీ రాస్తాను సూడండి అన్నాను. ఆ కాయితం ముందెట్టుకుని రాత్రనక పగలనక రాసినాను. కుదరడానికి మూడ్రోజులు పట్టింది." కలం దులిపాడు. "ఇప్పుడు నా రాత రమ్మంటే రావట్లేదే. ఎటు పోయిందో."

నేను ఏడిచాను. నాలుగో పేరు గురించి ఏదో చెప్పబోయాను. "సినిమాలో సచ్చినోడు లేచి బీడీ కాలుస్తాడని తెల్దేటి మనకి? ఆ సావుకారు లేవలేదు" అన్నాడు. "ఇంక మాటాడకు" అన్నాడు. జీవితంలో మేమిద్దరం ఆ విషయం మళ్ళీ మాట్లాడుకోలేదు. మాట్లాడవలసింది నేను. ఆయన నోరు మూయించాడనే వంకతో నలభై యాభై ఏళ్ళు గడిపేశాను.

ఇప్పుడు చావులు చూసేవాళ్ళకి భయం లేదు. మా మనవరాలు వేరుశనగ గింజలు నములుతూ తెరమీద నలుగురు పోవడం చూసి, ఇది బోరు నాయనమ్మా, వేరేది పెడతానంటుంది. మేమూ అంతే, మార్కులు వేశాం. అయితే మా ఊళ్ళో పెద్దవాళ్ళు కాగితం మీద మనిషి పేరు రాయడానికి ముందు ఒక్క క్షణం ఆగేవారు. బతికున్నవాడి పేరు గోడమీద బొగ్గుతో కూడా రాయనిచ్చేవారు కాదు. అది మూఢనమ్మకమని నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సుగుణ వెళ్ళేటప్పుడు వాళ్ళ కొత్త ఇంటి చిరునామా రాసిస్తానని నా టేబులు మీద కలం తీసుకుంది. నాలుగు వరసలు రాసింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను, తలకట్లు ఎడమకే వాలి ఉన్నాయి. "రాత బాగుంది కదా పిన్నీ" అంది. "మా నాన్న సెయ్యట్టుకుని దిద్దించేవోడు. ఈ రాత మీద ఒట్టు, ఎవరికీ కీడు రాయకూడదు అనీవోడు. నేనిప్పుడు బళ్ళో నా పిల్లలకి ఇదే నేర్పుతన్నాను."

బాగుందమ్మా అన్నాను. సుగుణా, ఇది అచ్చయ్యాక నీకు పంపుతాను. ఆ రాత నాది. ఆ పేరు రాసింది నేను. చదివాక నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, ఆ పిల్లలకి మాత్రం నేర్పడం మానకు. ఆ రాతకి మీ నాన్న చేసినంత మంచి నేను చెయ్యలేదు.